టికెట్ లేని కోట

డిసెంబరులో జైసల్మేర్‌లో ఏడున్నరకు గానీ పొద్దు పొడవదు. దేశానికంతా ఒకటే గడియారం, ఈ ఊరేమో పడమటి కొసన ఉంది. కర్నూలులో ఐదింటికే లేచే మా చిన్నాయనకు ఆ చీకట్లో ఏం చెయ్యాలో తోచక, లైటు వేసుకుని నా నోటుపుస్తకం చదివేశాడు. 26 రోజులుగా నేను రాసుకుంటున్న పట్టిక అందులో ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘డబ్బు పెట్టకుండా చూసినవి’ అని రాసుకున్నాను.

ల్యాప్‌టాప్, వైఫై ఉంటే ఎక్కడినుంచైనా చేసుకోగల ఉద్యోగం నాది. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్టు. పొద్దున పూటంతా నాదే. హైదరాబాదులో హాస్టల్‌కు కట్టే డబ్బుకే ఇక్కడ కోట కింద ఊళ్ళో గది దొరికితే, చలికాలం రెండు నెలలు ఉందామని వచ్చాను. చిన్నాయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. నన్ను చూసిపోదామని జోధ్‌పూర్‌లో రైలు మారి వచ్చాడు. ఉన్న నాలుగు రోజులూ మేం ఒకే సంగతి మీద వాదించుకున్నాం. గుర్తున్నంత వరకు ఆ మాటలే ఇవి.

చిన్నాయన: 26 రోజులున్నావు. టికెట్లు ఎన్ని కొన్నావు పాపా?

నేను: ఒకటి. కోటలో జైన మందిరాలకు. పొద్దున పూటే రానిస్తారు, తోలు వస్తువులు బయటే వదలాలి. అది చూడకుండా ఉండలేకపోయాను.

చిన్నాయన: తక్కినదంతా ఉచితం. పెళ్ళికి పోయి కడుపునిండా తిని, చదివింపులు రాసేవాడి కంట పడకుండా పెరటి దారిన బయటికి వచ్చినట్టుంది ఈ పట్టిక.

నేను: ఆ మాట ఒప్పుకోను. ఈ కోట గేటు దగ్గర టికెట్ ఎందుకు లేదో తెలుసా? ఇది ఊరు కాబట్టి. 1156లో రావల్ జైసల్ అనే భాటీ రాజు త్రికూట కొండ మీద కట్టించాడు. అప్పటినుంచి ఇప్పటి దాకా లోపల కాపురాలు ఉన్నాయి. పాలవాడు పోతాడు, బడిపిల్లలు పోతారు, వాళ్ళ వెనకే నేనూ పోతాను. గోల్కొండలో సాయంత్రం తాళం పడితే లోపల గబ్బిలాలే మిగులుతాయి. ఇక్కడ సాయంత్రమైతే ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది.

చిన్నాయన: వరంగల్ కోటలోనూ ఊరు ఉంది.

నేను: ఉంది. అక్కడికి పోయినా ఇంతే, ఊళ్ళోకి పోవడానికి ఎవరినీ అడగం. నా పట్టికలో ఉన్నవన్నీ అలాంటివే. నాలుగు ద్వారాలు దాటి పైకెక్కే దారి. అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్. శత్రువు గుర్రమో ఏనుగో పరుగున వచ్చి తలుపు గుద్దకుండా దారిని మెలికలు తిప్పారు. ఆఖరి ద్వారం దాటితే దసరా చౌక్. గోడల మీద ఇప్పటికీ గుండ్రటి రాళ్ళు పేర్చి ఉంటాయి, కింద నుంచి ఎక్కేవాళ్ళ మీదికి దొర్లించడానికి. లక్ష్మీనాథ్ గుడిలో పొద్దున హారతి. ఇందులో ఏది దొంగతనం?

చిన్నాయన: దొంగతనం అనలేదు. బాకీ అంటున్నా.

నేను చాలాసేపు ఆ మాట మింగలేకపోయాను. నెలజీతంలో ఇంటికి పంపాల్సింది పంపి, తమ్ముడి ఫీజు కట్టి, మిగిలినదాంట్లో దేశం చూడాలనుకునే నాలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. మా ముందుతరంలో ఆ జీతానికి తిరుపతి తప్ప ఇంకో ఊరు దక్కేది కాదు. ఎక్కడినుంచైనా పనిచెయ్యొచ్చు అన్న ఒక్క వెసులుబాటుతో థార్ ఎడారి మా కాళ్ళ కిందికి వచ్చింది. దాన్ని బాకీ అంటే మనసుకు కష్టమైంది. పొద్దెక్కగానే ఆయన్ని నథ్‌మల్ హవేలీకి తీసుకుపోయాను.

నేను: వీధిలోనే నిలబడు చిన్నాయనా. లోపలికి పోవద్దు. ఇది 1885 నాటిది. దివాను నథ్‌మల్ కోసం కట్టారు. హాథీ, లాలూ అని ఇద్దరు అన్నదమ్ములు చెక్కారు. ఒకరు ఎడమవైపు, ఇంకొకరు కుడివైపు. దూరం నుంచి చూస్తే రెండు పక్కలూ ఒకటే. తేడా ఎక్కడుందో చెప్పు.

చిన్నాయన: ఏనుగులు రెండూ ఒకటే. గూళ్ళు... ఒకటే. లేదు, ఆగు.

నేను: మొదటిరోజు నాకూ ఏమీ దొరకలేదు. మూడోరోజు రెండు తేడాలు దొరికాయి. ఇప్పటికి పదకొండు. గైడు వెంట వచ్చినవాళ్ళు ఇక్కడ నాలుగు నిమిషాలు ఆగుతారు. అన్నదమ్ముల కథ విని, ఫొటో తీసుకుని పోతారు. వాళ్ళు డబ్బు కట్టారు, నేను కట్టలేదు. కానీ ఆ అన్నదమ్ముల చేతిపని ఎవరు చూసినట్టు?

ఆయన జవాబు చెప్పలేదు. మెడ వెనక్కి వంచి, కళ్ళజోడు ఎత్తి, దించి చూస్తూ నిలబడ్డాడు. ఎదురు దుకాణం అబ్బాయి స్టూలు తెచ్చి వేశాడు. రాయిని చూస్తే కర్నూలు వాళ్ళకు చెయ్యి ఊరుకోదు. మా ఇళ్ళన్నిటా బేతంచెర్ల బండలే. చిన్నాయన గోడను అరచేత్తో తడిమి, గోరుతో గీకి, ఈ రాయి మెత్తన, చెక్కడానికి వెన్నలాంటిది, అందుకే ఇంత నగిషీ పట్టింది అన్నాడు. సున్నం లేకుండా రాయికి రాయి పట్టు వేసి కట్టిన చోట్లు చూపించాడు. 26 రోజులు చూసి నాకు కనిపించనిది ఆయనకు పది నిమిషాల్లో కనిపించింది. చూడటానికి రోజులుంటే చాలదని అక్కడే అర్థమైంది.

పట్వా హవేలీల సందులోనూ అంతే. గుమాన్ చంద్ పట్వా అనే వ్యాపారి 19వ శతాబ్దంలో మొదలుపెట్టించిన అయిదు ఇళ్ళు అవి, అయిదుగురు కొడుకులకు. లోపలికి టికెట్ ఉంది. మేం సందులోనే ఉండిపోయాం.

నేను: ఈ ఝరోకా కిటికీలన్నీ వీధివైపే ఉన్నాయి చూడు. ఒంటెల బిడారుల వ్యాపారంతో సంపాదించినవాళ్ళు తమ గొప్ప పదిమందికీ కనపడాలని చెక్కించుకున్నారు. దారిన పోయేవాడు తలెత్తి చూడాలనే కట్టారు. ఆ దారిన పోయేవాణ్ణి నేనే.

చిన్నాయన: కట్టించినవాడి మాట చెప్తున్నావు. ఇప్పుడు కాపాడుతున్నవాడి మాటో? ఓడరేవులు పెరిగి బిడారులు తగ్గాయి. 1947లో సరిహద్దు పడి సింధు దారి మూసుకుపోయింది. వ్యాపారులు వెళ్ళిపోయారు. ఈ ఊరికి మిగిలిన పంట ఒక్కటే, వచ్చిపోయేవాళ్ళు. అదీ అక్టోబరు నుంచి మార్చి దాకా. ఆ పంటకాలంలో నువ్వొచ్చి నెలరోజులు గట్టు మీద కూర్చుని చూస్తున్నావు.

నేను: గది అద్దె కడుతున్నా కదా. కూరగాయలు కొంటున్నా. పొద్దున కచోరీ తింటున్నా. ఆ డబ్బు ఈ వీధిలోనే ఉంటుంది. పెద్ద హోటల్లో రెండు రాత్రులు ఉండిపోయేవాళ్ళ డబ్బు ఏ ఊరికి పోతుందో ఎవరికి తెలుసు?

చిన్నాయన: అది నిజమే. సరే, కోట దారిలో రావణహత్థా వాయించే ముసలాయన ఉన్నాడే, నువ్వు పోతుంటే తల ఊపాడు. రోజూ వింటావా?

నేను: రోజూ.

చిన్నాయన: ఎన్నిసార్లు ఇచ్చావు?

రెండుసార్లు, పది రూపాయల చొప్పున. నోటితో చెప్పడానికి సిగ్గేసింది. నా పట్టికలో 9వ వరుసలో ‘రావణహత్థా, ఉచితం’ అని రాసి ఉంది. రాయిని చూడటం వేరు, మనిషి కూర్చుని వాయిస్తుంటే వినడం వేరు. ఆ తేడా నేను రాసుకోలేదు. ఆ సాయంత్రం ఆ వరుస కొట్టేశాను. ఈ ఒక్క విషయంలో చిన్నాయన మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు, ఇప్పటికీ లేదు.

రెండోరోజు నాకు సెలవు. సాయంత్రం గడీసర్ చెరువుకు పోయాం. చెరువు చూడటానికి డబ్బు అక్కర్లేదు, పడవ ఎక్కితేనే ఇవ్వాలి. నీళ్ళ మధ్య పసుపురాతి మంటపాలు, గట్టున గుళ్ళు, చలికాలం పక్షులు. ఏడాదికి సుమారు 20 సెంటీమీటర్ల వాన పడే చోట ఇన్ని నీళ్ళు చూస్తే ఎవరైనా నిలబడిపోతారు. మా కర్నూలులో దానికి మూడింతలు పడుతుంది, అదే చాలదని గొణుక్కుంటాం.

నేను: 14వ శతాబ్దంలో రావల్ గడ్సీ బాగుచేయించిన చెరువు. ఊరికి పైపులు వచ్చేదాకా ఇదే దిక్కు. ఆ ద్వారం చూశావా, తీలోం కీ పోల్. తీలోన్ అనే వేశ్య కట్టించిందట. రాజుగారు ఆ ద్వారం కింద నుంచి నడవనని, పడగొట్టించాలని చూస్తే, ఆమె పైన కృష్ణుడి గుడి కట్టించింది. ఇక ఎవరూ చెయ్యి వెయ్యలేకపోయారు. ఆమె కట్టించిన నీడలో 600 ఏళ్ళనాటి చెరువు ముందు కూర్చున్నాం. ఎవరూ ఏమీ అడగరు. ఇంతకన్నా మంచి ఉచితం ఉందా?

చిన్నాయన: ఇది ఎప్పుడూ ఉచితం కాదు పాపా. నీళ్ళకు డబ్బు తీసుకుని ఉండరు, అంతే. ఎడారి చెరువు అంటే ముందు వాన జారివచ్చే నేల. ఆ నేల మీద ఒకడు చెప్పులేసుకుని తిరిగినా, పశువును తోలినా చెరువు చెడుతుంది. ఊరంతా కట్టుబడి ఉంటేనే ఈ నీళ్ళు. పూడిక ఊరంతా తియ్యాల్సిందే. మన సీమలో దశబంధం అని ఉండేది, తెలుసా? చెరువు కట్టినవాడికి, బాగుచేసేవాడికి ఆయకట్టులో ఇనాం భూమి. తూము ఎత్తి దించడానికి నీరుగంటి ఉండేవాడు, అతనికీ గింజలు కొలిచేవాళ్ళు. నీళ్ళు తాగేవాడు పైసా ఇవ్వడు, కానీ ఏదో ఒక రూపంలో చెరువుకు చేరుస్తాడు. అవన్నీ పోయాక మన చెరువులు ఏమయ్యాయో నేను ఉద్యోగంలో చూశాను. జిల్లేళ్ళు మొలిచిన కట్టలు లెక్కలేనన్ని.

నేను: అయితే నాలుగు రోజులుండే మనిషి ఏం చెయ్యాలి? పలుగూ పారా తెచ్చుకోవాలా?

చిన్నాయన: నాలుగు రోజులుండేవాణ్ణి నేను. నువ్వు రెండు నెలలు ఉంటున్నావు. చుట్టానికి ఒక మర్యాద, ఇంట్లో ఉండేవాడికి ఇంకొకటి. నువ్వు చుట్టం లెక్కలు చూసుకుని ఇంటిమనిషిలా ఉంటున్నావు.

అసలు గొడవ మూడోరోజు వచ్చింది. జనవరి నెలకు కోట లోపల గది చూసి పెట్టుకున్నాను. కోటగోడ బురుజు మీదికి తెరుచుకునే కిటికీ. పక్క మీద నుంచి లేవకుండానే సూర్యోదయం, కింద ఊరు, దూరంగా ఎడారి. అద్దె కింద గదితో సమానం. నా పట్టికలో అదే కిరీటమవుతుందనుకున్నాను. చిన్నాయనకు చూపించడానికి తీసుకుపోయాను. ఆయన కిటికీ వైపు చూడలేదు. స్నానాలగది ఎక్కడ అన్నాడు. ఆ నీళ్ళు ఎటు పోతాయి అన్నాడు. తర్వాత నన్ను కోట కిందికి దింపి, బురుజుల మొదళ్ళ వెంట నడిపించాడు.

చిన్నాయన: ఆ రాళ్ళు చూడు. పైన తేనె రంగు, కింద నల్లటి చెమ్మ. ఎడారిలో, డిసెంబరులో, వాన లేకుండా గోడ ఎందుకు తడిసింది?

నేను: పైపులు కారుతున్నాయేమో.

చిన్నాయన: కోట కట్టినవాడు ఎంత నీటికి కట్టాడో ఆలోచించు. ఆడవాళ్ళు గడీసర్ నుంచి కుండ నెత్తిన పెట్టుకుని ఈ కొండ ఎక్కేవాళ్ళు. అలా తెచ్చిన నీళ్ళు ఎవరూ ఒలకబోయరు. వానకు మాత్రం వేరే ఏర్పాటు, పడ్డ నీళ్ళు పడ్డట్టే నాలుగు పక్కలా బయటికి పోయేలా కాలవలు. తర్వాత కుళాయిలు వచ్చాయి, ఫ్లష్ లెట్రిన్లు వచ్చాయి, ఇళ్ళు గెస్ట్‌హౌసులయ్యాయి. వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. ఈ కొండ గట్టి నల్లరాయి కాదు. ఇసుకరాయి, మధ్యమధ్య బంకమట్టి పొరలు. బంకమట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, జారుతుంది. ఉబ్బిన మట్టి లోపలి నుంచి గోడను తోస్తుంది. బయటి శత్రువును ఆపడానికి కట్టిన గోడ పాపా ఇది, లోపలి నుంచి తోస్తే ఏం చేస్తుంది?

నేను: కూలాయా?

చిన్నాయన: నిన్న రాత్రి నీ వైఫైలోనే చదివాను. 1996లోనే ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల పట్టికలో చేర్చారు. ఆ తర్వాతి కొన్నేళ్ళలో బురుజులు కూలాయి. 2001 భుజ్ భూకంపం ఇంకొంత కదిలించింది. 2013లో రాజస్థాన్ కొండకోటలు ఆరింటిలో ఒకటిగా యునెస్కో గుర్తింపు వచ్చింది. అయినా 2024 ఆగస్టు వానల్లో మళ్ళీ ఒకచోట గోడ జారింది. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర ముంచినప్పుడు నేను చూశాను, ప్రవాహం చేసే నష్టం అందరికీ కనపడుతుంది. ఊట చేసే నష్టం కూలేదాకా కనపడదు. మనకు ఉన్నది ఒక్క కొండారెడ్డి బురుజు, దాన్నే ప్రాణంగా చూసుకుంటాం. వీళ్ళకు 99 ఉన్నాయి. నీ కిటికీ అందులో ఒకదాని మీద ఉంది.

నేను: రోజుకు రెండు బకెట్లు వాడతాను. నా రెండు బకెట్లకు బురుజు కూలదు.

చిన్నాయన: నెలరోజులకు 60. ఆ గదిలో నీకు ముందు ఒకరు, నీ తర్వాత ఇంకొకరు.

నేను: మరి లోపల పుట్టి పెరిగినవాళ్ళో? వేలమంది ఉన్నారు. వాళ్ళనీ దిగిపొమ్మంటావా? ఆ గది ఇస్తానన్న ఆవిడ ఇల్లు ఎన్ని తరాలదో చెప్పింది విన్నావు. ఆవిడకు సీజను ఆరు నెలలు. నేను రానంటే నా మనసుకు హాయిగానే ఉంటుంది, నష్టం ఆవిడది. డబ్బున్నవాళ్ళకు ఇలాంటి నియమాలు సులువు చిన్నాయనా. కోటను కాపాడటానికి ముందుగా పేదింటి గదినే ఖాళీ చేయించడం నాకు న్యాయంగా లేదు.

ఈ మాట నేను కోపంగానే అన్నాను. ఆయనా గొంతు పెంచాడు. అక్కడివాళ్ళు ఉండాలి, వాళ్ళు లేకపోతే ఇదీ గోల్కొండే అవుతుంది, అందుకే మురుగు సరిగ్గా బయటికి పోయే పైపులు ముందు వాళ్ళకు దక్కాలి, నీలాంటి అద్దెకున్నవాళ్ళకు కింద ఊరంతా ఖాళీగా ఉంది కదా అన్నాడు. ప్రభుత్వం చెయ్యాల్సిన పని నా బకెట్ మీద పెడుతున్నావన్నాను. రెండూ నిజమే అని ఆయన అనలేదు, నేనూ అనలేదు. కచోరీ బండి దగ్గర విడివిడిగా నిలబడి తిన్నాం.

మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యేలోపు నేనొక్కదాన్నే మళ్ళీ కోట ఎక్కాను. ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మా చిన్నాయన నీళ్ళ ఇంజనీరని, గోడ చెమ్మ చూసి భయపడ్డాడని. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. వాళ్ళ అవ్వ గడీసర్ నుంచి రోజుకు రెండు బిందెలు తెచ్చేదట. గిన్నెలు బూడిదతో, ఇసుకతో తోమేవాళ్ళట. ‘గోడ మాకు తెలియదా? రాత్రి వాన పడితే మేం నిద్రపోం’ అంది హిందీలో. గది వద్దంటే పోనీ, మధ్యాహ్నం భోజనం పెడతాం, డబ్బు ఇచ్చి తిని పో అంది. సజ్జరొట్టె, కేర్ సాంగ్రీ కూర లెక్కగడితే గది అద్దెలో సగం ఆవిడకు ముడుతుంది. వారానికి నాలుగు రోజులు వస్తానని మాటిచ్చాను. గది అద్దెకు అది సమానం కాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆఖరి రోజు పొద్దున చిన్నాయన తనంతట తానే నథ్‌మల్ హవేలీ ముందుకు పోయి గంటసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత రాజమహల్ మ్యూజియానికి రెండు టికెట్లు తెచ్చాడు. వద్దనలేదు, పోయాను. పైనుంచి చూస్తే కోటలో ఇళ్ళ కప్పులన్నిటి మీదా నల్లటి నీళ్ళ ట్యాంకులు. నేను వాటినే లెక్కపెడుతుంటే, ఆయన గోడ మీది చెక్కడాలు చూస్తున్నాడు.

రాత్రి రైలు కదిలాక ఫోన్ చేశాడు.

చిన్నాయన: పాపా, తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తున్నా. పన్నెండోది దొరికినట్టుంది. కుడివైపు, పైన మూడో గూడు. ఫొటోలో మసగ్గా ఉంది. ఎడమదానితో పోల్చి చూడాలి.

నేను: ఏడున్నరకు వెలుగు వస్తుంది. పోయి చూసి చెప్తా.

చిన్నాయన: స్టూలు వేసిన అబ్బాయి దగ్గర ఏదైనా కొను.